ఆసుపత్రి సిబ్బందికి ఒకరితో ఒకరికి ఉన్న పరిచయం రోగికి ఎంతవరకు మేలు చేస్తుంది?

మత్తువైద్యుడు, హనుమకొండ

బదిలీల కాలం వచ్చినప్పుడల్లా మన దవాఖానాల్లో ఒక మాట వినబడుతుంది. ఖాళీ అయిన పోస్టులో అదే అర్హత ఉన్న మరొకరు చేరితే పని ఎప్పటిలాగే సాగిపోతుందని పరిపాలన చూసేవారు అంటారు. కాగితం మీద ఆ లెక్క సరిపోతుంది గాని ఆపరేషన్ థియేటర్‌లో సరిపోదని నా అనుభవం. ఏళ్ల తరబడి నాతో పనిచేసిన థియేటర్ సిస్టర్, శ్వాసనాళంలో ట్యూబు మొదటిసారి పోలేదని గమనించగానే నేను అడగకముందే ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ, బూజీ, తీసి పట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన సిస్టర్ చదువులో ఆమెకు ఏమాత్రం తీసిపోకపోయినా, నేను ఏ వస్తువు ఎప్పుడు అడుగుతానో, నేను మౌనంగా ఉంటే అది నిబ్బరమో కంగారో ఆమెకు తెలిసే అవకాశం లేదు.

ఇది నా ఒక్కడి భ్రమ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో గుండె శస్త్రచికిత్సల ఫలితాలను పరిశీలించిన హక్‌మన్, పిసానో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక సంగతి వెల్లడించారు. ఒకే సర్జన్ రెండు మూడు ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేస్తున్నప్పుడు, ఏ ఆసుపత్రిలో ఎక్కువ కేసులు చేశాడో ఆ ఆసుపత్రిలోనే ఆయన రోగుల మరణాలు తగ్గాయి తప్ప, ఆ మెరుగుదల ఆయన వెంట రెండో ఆసుపత్రికి పోలేదు. చేయీ అదే, చదువూ అదే, చుట్టూ ఉన్న మనుషులూ ఏర్పాట్లే వేరు. విమానయానంలోనూ ఇటువంటిదే కనబడింది. 1978 నుంచి 1990 దాకా సిబ్బంది పొరపాట్లతో ముడిపడిన పెద్ద ప్రమాదాలను అమెరికా రవాణా భద్రతా మండలి 1994లో సమీక్షించినప్పుడు, వివరాలు దొరికినవాటిలో 73 శాతం ఆ సిబ్బంది కలిసి పనిచేసిన మొదటి రోజే జరిగినట్లు తేలింది.

అందువల్ల నా ప్రతిపాదన ఒకటే. థియేటర్లలోనూ ఐసీయూల్లోనూ స్థిరమైన బృందాలు ఉండాలి, బదిలీలు చేసినా ఒక్కసారిగా అందరినీ కదల్చకూడదు. వార్డుల్లో పనిచేసేవారి అభిప్రాయం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.

రాత్రి డ్యూటీ సిస్టర్, వరంగల్

సార్, మీరు చెప్పినది థియేటర్ మాట. అక్కడ నలుగురైదుగురు ఒకే బల్ల చుట్టూ గంటల తరబడి నిలబడతారు కనుక ఇష్టమున్నా లేకపోయినా పరిచయం ఏర్పడుతుంది. వార్డు సంగతి అలా ఉండదు. మా దగ్గర పరిచయానికి కొదవ లేదు, అది పారే దిక్కే వేరు. పీజీ చదివే డాక్టర్లు పీజీలతో కలిసి తింటారు, హౌస్ సర్జన్లు తమ బ్యాచ్ వారితోనే తిరుగుతారు, మేము సిస్టర్లం మా డ్యూటీ గదిలో మా ఇళ్ల సంగతులు చెప్పుకుంటాము, రోగులకు సాయం చేసే పేషెంట్ కేర్ వాళ్లు మెట్ల దగ్గర వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. ఏ వరుసకు ఆ వరుస ప్రాణస్నేహమే. కాని రోగికి సంబంధించిన కబురు వరుసలు దాటి పోవాలి, అక్కడే తెగిపోతుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మూత్రం తగ్గిపోయిన సంగతి వార్డులో అందరికంటే ముందు తెలిసేది మూత్రపు సంచి ఖాళీ చేసే పేషెంట్ కేర్ మనిషికి. సాయంత్రం నుంచి సంచిలో ఏమీ చేరలేదంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతున్నదో, కిడ్నీలు చేతులెత్తేస్తున్నాయో ఆలోచించవలసిన సమయం అది. ఆ మనిషికి నా పేరు తెలిసి, నాతో ఒకసారైనా నవ్వుతూ మాట్లాడిన అలవాటు ఉంటే, నేను ఏ పనిలో ఉన్నా వచ్చి చెబుతుంది. ఆమెను నేను రోజూ కసురుకుంటూ ఉంటే సంచి ఖాళీగానే ఉంది కదా, తన పని తప్పిందనుకుని ఊరుకుంటుంది. తెల్లవారి చార్టు రాసేటప్పుడు గాని ఆ సంగతి నాకు తెలియదు. రౌండ్స్‌కు సార్ వచ్చేదాకా డాక్టర్లకు తెలియదు.

హౌస్ సర్జన్ల మాట చెప్పనక్కర లేదు. ఒకరి పేరు నోటికి అలవాటయ్యేలోపు ఆయన పోస్టింగ్ మారిపోతుంది. అర్ధరాత్రి ఫోన్ చేసేటప్పుడు అవతల ఎత్తేది ఎవరో, విసుక్కునే మనిషో వెంటనే లేచి వచ్చే మనిషో తెలియనప్పుడు, మా కొత్త అమ్మాయిలు ఇంకో అరగంట చూద్దాంలే అనుకుంటారు. ఆ అరగంటకు మూల్యం చెల్లించేది రోగి.

డీఆర్‌పీ పీజీ, జగిత్యాల

నేను బోధనాసుపత్రి నుంచి జిల్లా రెసిడెన్సీ కింద మూడు నెలల కోసం ఇక్కడికి వచ్చాను. సిస్టర్ గారు చెప్పిన దానికి అవతలి వైపు నుంచి ఒక మాట చెప్పదలచుకున్నాను. ఇక్కడి సిబ్బంది చాలామంది ఒకరినొకరు ఏళ్లుగా ఎరిగినవారు. వారి మధ్య పని చకచకా సాగిపోతుంది. అయితే ఆ చురుకుదనమంతా మాటల్లో లేని ఒప్పందాల మీద నడుస్తుంది. ఫలానా మందు ఏ బీరువాలో ఉంటుందో, రక్తం కావాలంటే ముందు ఎవరికి చెప్పాలో, రాత్రి పూట ఎక్స్‌రే తీసే ఆయన్ను ఏ నంబరుకు పిలవాలో ఎక్కడా రాసి ఉండదు, ఎందుకంటే తెలియవలసిన వారందరికీ తెలుసు. వారి చనువే నాకు గోడ అయింది. వారు నన్ను వెలివేశారని కాదు, మంచివారే. నాకు చెప్పాలన్న ఆలోచనే వారికి రాదు.

కనుక ఒక బృందం లోపల ఎంత బాగా కలిసిపోయిందో చూసినట్లే, కొత్తవాడు వచ్చిన రోజున ఆ బృందం ఎంత బాగా పనిచేస్తుందో కూడా చూడాలని నా మనవి. బోధనాసుపత్రి అన్నాక ప్రతి నెలా ఎవరో ఒకరు కొత్తవారే.

కాజీపేట జంక్షన్

నేను వైద్యరంగం మనిషిని కాను, ఒక రోగి బంధువుగా చెబుతున్నాను. మా పెద్దనాన్నను ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు స్ట్రెచర్ తోసినందుకు డబ్బులు అడిగిన మనిషి మీద పై వారికి చెప్పాము. ఆ తరువాత ఆ వార్డులో అందరి ముఖాలూ మారిపోయాయి. డ్రిప్ అయిపోయిందని చెప్పినా వస్తామంటారు, రారు. వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లు, మేము పరాయివాళ్లము. సిబ్బంది మధ్య సఖ్యత రోగికి మేలు అని మీరు రాస్తున్నారు, ఆ సఖ్యత రోగికి ఎదురు తిరిగే రోజులు కూడా ఉంటాయని మీ చర్చలో చేర్చండి.

మత్తువైద్యుడు, హనుమకొండ

కాజీపేట మిత్రులు చెప్పినది కాదనలేని నిజం. తమవారిని కాపాడుకోవడానికి అందరూ ఒక్కటైపోయే సఖ్యత రోగికి ఏ విధంగానూ పనికిరాదు. సిస్టర్ గారు చెప్పిన వరుసల సంగతి చదివిన తరువాత మాత్రం నా వాదాన్ని కొంత సవరించుకోవలసి వస్తోంది. అందుకు కారణమైన ఒక కేసు మత్తు వైద్యంలో ఉన్నవారందరికీ పాఠం వంటిది, మిగతావారి కోసం చెబుతాను.

2005 మార్చిలో ఇంగ్లండులో ఎలైన్ బ్రొమిలీ అనే 37 ఏళ్ల మహిళ సైనస్ ఆపరేషన్‌కు వెళ్లారు. మత్తు ఇచ్చిన తరువాత గాలి అందించడం కుదరలేదు, ట్యూబు పోలేదు. అనుభవజ్ఞులైన నిపుణులు ఒకరికి ముగ్గురు ఆ గదిలో ఉండి కూడా ట్యూబు వేసే ప్రయత్నంలోనే మునిగిపోయారు. మెడ దగ్గర రంధ్రం చేసి గాలి పంపే సామగ్రి సిద్ధంగా ఉందని ఒక నర్సు తెచ్చి చెప్పింది. మరొక నర్సు ఐసీయూలో పడక ఏర్పాటు చేసి వచ్చి చెప్పింది, అతి చేస్తున్నావన్నట్లు చూశారని దాన్ని రద్దు చేసుకుంది. ఏం చేయాలో ఆ గదిలో నర్సులకు తెలుసు. పెద్దవారికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. పదమూడు రోజుల తరువాత ఆమె కన్నుమూశారు. ఆమె భర్త విమాన పైలట్. పైలట్ల గదిలో కింది వారు పై వారిని హెచ్చరించడానికి ఉన్న పద్ధతులు థియేటర్‌లో ఎందుకు లేవని ఆయన అడిగారు, 2007లో దాని కోసమే ఒక వేదికను స్థాపించారు.

ఆ ముగ్గురు వైద్యుల మధ్య పరిచయం ఎంత ఉన్నా ఆమె ప్రాణం దక్కేది కాదు. ఒక నర్సుకూ ఒక వైద్యుడికీ మధ్య, గొంతు పెంచి చెప్పగలిగినంత పరిచయం ఉంటే దక్కి ఉండేదేమో. స్థిర బృందం కావాలని నేను ఇప్పటికీ అంటాను గాని, బృందం అన్నప్పుడు సర్జన్, సిస్టర్, నేను మాత్రమే అనుకున్న నా లెక్కలో థియేటర్ అసిస్టెంట్ లేడని సిస్టర్ గారి మాటతో తట్టింది.

మందుల లెక్క, మంచిర్యాల

ఫార్మసీ వైపు నుంచి ఒక హెచ్చరిక. పరిచయం ఎక్కువైన చోట మాట కుదించుకుపోతుంది. కొత్త డాక్టరు మందు పేరు, మోతాదు, ఎన్ని గంటలకొకసారో పూర్తిగా రాస్తాడు. పాత డాక్టరు పాత సిస్టర్‌తో నిన్నటిదే పెట్టమ్మా అంటాడు. నిన్న రెండు ఉన్నాయి. డోపమిన్, డోబ్యుటమిన్ వంటి జంట పేర్లు ఫోన్‌లో చెప్పినప్పుడు, విన్నదాన్ని తిరిగి చదివి వినిపించే అలవాటు కొత్తవారి మధ్య ఉన్నంతగా స్నేహితుల మధ్య ఉండదు. తిరిగి అడిగితే నమ్మకం లేనట్లు కనబడుతుందని మొహమాటం.

ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్ వంటి ప్రమాదకరమైన మందులకు ఇద్దరు విడివిడిగా లెక్క చూసి సంతకం చేయాలన్న నియమం ఉంది. ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా ఉండేవారైతే, రెండో సంతకం లెక్క చూసి చేసినదో, నువ్వు చూశావు కదా అని చేసినదో పుస్తకం చూసి చెప్పడం కష్టం. నేను పరిచయానికి వ్యతిరేకిని కాను. తనిఖీలు ఉన్న చోట మాత్రం ఆ క్షణం మట్టుకు ఇద్దరూ అపరిచితులే కావాలంటాను.

నాణ్యత విభాగం, కరీంనగర్

పరిచయం కావాలన్న వాదమూ, తనిఖీ వేళ అపరిచితులు కావాలన్న వాదమూ ఒక చోట కలుస్తాయి, అది శస్త్రచికిత్స భద్రతా తనిఖీ పట్టిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన ఆ పట్టికలో 19 అంశాలు ఉన్నాయి. కోత పెట్టే ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్నది వాటిలో ఒకటి. మన దగ్గర చాలామందికి అది నవ్వులాటగా కనబడుతుంది, రోజూ చూసుకునే ముఖాలకు పేర్లు చెప్పుకోవడమేమిటని అడుగుతారు. దాని ఉద్దేశం పేరు తెలుసుకోవడం ఒక్కటే కాదు. ఒకసారి నోరు తెరిచిన మనిషి, తరువాత ఏదైనా తేడా కనబడితే రెండోసారి నోరు తెరవడానికి అంతగా జంకడు. అందరికంటే కింది ఉద్యోగికి ఆ మొదటి మాట మాట్లాడే హక్కును పట్టికే ఇస్తుంది.

ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని ప్రయోగించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఇంత మంచి ఫలితం చూసి కెనడాలోని ఆంటారియో ప్రాంతంలో ఆసుపత్రులన్నీ దాన్ని పాటించాలన్నారు. 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో బయటికి వచ్చాయి, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. పట్టిక నింపారన్నది నిజం, మాట్లాడుకున్నారా అన్నది వేరే ప్రశ్న. మన జిల్లాల్లోనూ తనిఖీకి వచ్చే ముందు రోజు ఒకే కలంతో, ఒకే చేతిరాతతో నింపిన పట్టికలు నేను చూశాను.

ఇంకొక సంగతి. ఏమీ పొరపాట్లు నమోదు కాని వార్డును మనం మెచ్చుకుంటాము. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, పెద్దవారితో భయం లేకుండా మాట్లాడే వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్లు కనబడింది. అక్కడ ఎక్కువ తప్పులు జరిగాయని అర్థం కాదు, దాచకుండా చెప్పుకున్నారని ఆమె విశ్లేషణ. కాజీపేట వారు చెప్పిన సఖ్యతకూ దీనికీ ఉన్న తేడా అదే. ఒక చోట తెలిసినవారు కలిసి తప్పును కప్పుతారు, మరొక చోట తెలిసినవారు కనుకనే తప్పును బయట పెట్టగలుగుతారు. పై అధికారి తప్పు చెప్పినవారికి మెమో ఇస్తాడా, విని ఏర్పాటు మారుస్తాడా అన్నదాన్ని బట్టి ఒకే వార్డు రెండింటిలో ఏదైనా కాగలదు.

మేడారం డ్యూటీ, ములుగు

అసలు ఎవరూ ఎవరికీ తెలియని చోట ఏం జరుగుతుందో చెబుతాను. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు తాడ్వాయి అడవిలో తాత్కాలిక ఆసుపత్రి, దారి పొడవునా శిబిరాలు పెడతారు. డాక్టర్లు, సిస్టర్లు, ఫార్మసిస్టులు వేర్వేరు జిల్లాల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు. కోటి మందికి పైగా వచ్చిపోతారని చెప్పుకునే జాతరలో, నిన్నటి దాకా ముఖం చూడని మనిషితో కలిసి మూర్ఛ వచ్చినవారిని, వాంతులు విరేచనాలైనవారిని, తోపులాటలో నలిగినవారిని చూడాలి.

మా శిబిరంలో మొదటి షిఫ్టుకు వచ్చిన వైద్యాధికారి ఒక మంచి పని చేశారు. జనం పెరగకముందే అందరినీ నిలబెట్టి, ఊపిరి ఆగిన మనిషి వస్తే ఛాతీ నొక్కేది ఎవరు, ఆక్సిజన్ పట్టేది ఎవరు, 108కు చెప్పేది ఎవరు, బంధువులను పక్కకు తీసుకుపోయేది ఎవరో పేరు పెట్టి పంచారు. సిలిండర్ తాళంచెవి ఎక్కడ వేలాడుతుందో అందరి చేతా ముట్టించి చూపించారు. తరువాత మేము సాఫీగానే పనిచేశాము. ఆ పరిచయానికి పట్టిన సమయం చాయ్ తాగే సమయం కంటే ఎక్కువ కాదు. కాబట్టి ఏళ్ల సాన్నిహిత్యమే కావాలన్న వాదం నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. అత్యవసర పనికి పాత్రలు తెలిస్తే చాలు. ఎక్కువ రోజులు మంచాన ఉండే రోగికి మాత్రం సిస్టర్ గారు చెప్పిన పరిచయమే కావాలి, ఎందుకంటే అక్కడ మార్పు మెల్లగా వస్తుంది, మెల్లగా వచ్చే మార్పును గుర్తుపట్టడానికి నిన్నటి మనిషి ఈ రోజు కూడా ఉండాలి.

వార్డు మనిషి

నేను అవుట్‌సోర్సింగ్‌లో పేషెంట్ కేర్‌గా పనిచేస్తున్నాను. మా అబ్బాయి చేత టైపు చేయిస్తున్నాను. సిస్టర్ రాసింది నిజమే. మాది ఏటూరునాగారం వైపు, నాకు కోయ మాట వస్తుంది. అటు నుంచి వచ్చిన అవ్వలు కడుపులో నొప్పి ఎక్కడ మొదలైంది, ముందు ఏ మందు తాగారు అనేవి నాతో చెబుతారు. రౌండ్స్ జరిగేటప్పుడు మమ్మల్ని బయట నిలబడమంటారు. అడిగితే చెబుతాను, అడగకుండా డాక్టర్ల మధ్యకు పోయి చెప్పడం నా వల్ల కాదు.

డీఆర్‌పీ పీజీ, జగిత్యాల

అమ్మా, మీరు రాసినందుకు నమస్కారాలు. సిస్టర్ గారూ, షిఫ్టు మారేటప్పుడు పడకల దగ్గర జరిగే అప్పగింతలో పేషెంట్ కేర్ సిబ్బందిని కూడా నిలబెట్టడం సాధ్యమేనా? అప్పగింతకు ఒక క్రమం పెట్టుకుంటే అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో వచ్చిన పరిశోధన చదివాను. అది రెసిడెంట్ డాక్టర్ల మధ్య జరిగిన అప్పగింత. మన వార్డులో అన్ని వరుసలనూ కలిపి చేసే వీలుందేమోనని అడుగుతున్నాను.

రాత్రి డ్యూటీ సిస్టర్, వరంగల్

బాబూ, సాధ్యమే, మా వార్డులో ఉదయం ఎనిమిదింటికి చేస్తున్నాము. ఒక్కో పడక దగ్గర చార్టు చదివిన తరువాత, రాత్రి ఈ మనిషి దగ్గర నువ్వేం చూశావని పేషెంట్ కేర్ మనిషిని పేరు పెట్టి అడుగుతాము. మొదట్లో ఏం లేదమ్మా అనేవారు. ఇప్పుడు అన్నం ముట్టలేదనీ, రాత్రంతా ఏదో గొణిగిందనీ, పక్క తడిసిందనీ చెబుతున్నారు. వీటిలో సగం మాకు పనికిరావు, మిగతా సగం చార్టులో దొరకవు. మధ్యాహ్నం రెండింటికి కుదరడం లేదు, అప్పుడు బంధువుల రద్దీ ఎక్కువ.

అసలు అడ్డంకి మరొకటి ఉంది. మా షిఫ్టులు ఎనిమిదింటికీ రెండింటికీ మారతాయి, పేషెంట్ కేర్ సిబ్బందిని పంపే అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ వారి డ్యూటీలు వేరే గంటలకు మారతాయి. రాత్రి పనిచేసిన మనిషి మా అప్పగింత మొదలయ్యేలోపు బయోమెట్రిక్ వేసి వెళ్లిపోవాలి, ఆలస్యమైతే బస్సు తప్పిపోతుంది, ఆ సమయానికి జీతమూ లేదు. ఇప్పటి వరకు మా మీద అభిమానంతో ఆగుతున్నారు, అభిమానం మీద ఎంతకాలం నడుపుతాము? ఇక మత్తువైద్యుడు గారు అడిగిన స్థిర బృందాలంటే నాకు కొంత భయం ఉంది. మంచి డ్యూటీలు కొందరికే, కష్టమైన వార్డులు నోరు లేనివారికే స్థిరపడిపోతాయి. సగం మందిని ఉంచి సగం మందిని మార్చే పద్ధతి అయితే నాకు సమ్మతమే.

మత్తువైద్యుడు, హనుమకొండ

సగం సగం మార్పు నాకూ సమ్మతమే, మా విభాగంలో డ్యూటీ పట్టిక వేసేవారితో ఈ వారమే మాట్లాడతాను. ఏజెన్సీ గంటల సంగతి మాత్రం సూపరింటెండెంట్ స్థాయిలో తేలవలసినది. ఒప్పందం మళ్లీ రాసుకునేటప్పుడు అప్పగింతకు ఒక పావుగంటను డ్యూటీలో కలిపి, దానికి జీతం కట్టేలా ఒక వాక్యం చేర్చాలి. నాణ్యత విభాగం వారు ఆ వాక్యం ముసాయిదా రాసి పెడితే, ఆసుపత్రి అభివృద్ధి సంఘం తదుపరి సమావేశంలో పెట్టమని మా సూపరింటెండెంట్ గారిని నేను కోరతాను. వార్డు మనిషి గారూ, మీ వార్డులో రౌండ్స్‌కు వచ్చే యూనిట్ ఏదో సిస్టర్ గారికి చెప్పండి, కోయ రోగుల పడకల దగ్గరకు మిమ్మల్ని పిలిపించమని ఆ యూనిట్ చీఫ్‌తో నేను మాట్లాడతాను.

నాణ్యత విభాగం, కరీంనగర్

ముసాయిదా శనివారం లోపు ఇక్కడే పెడతాను. పావుగంట చాలదు, ముప్ఫై పడకల వార్డుకు కనీసం అరగంట అని రాయబోతున్నాను, సిస్టర్ గారు సరి చూడాలి.